వెనక నుంచి వచ్చిన జవాబు

సూది మొన డ్రిప్ గొట్టానికి తగలబోతున్నప్పుడు నా వెనక నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "ఏమ్మా, అది నీళ్లు కాదు" అంది. కోపంగా కాదు, గట్టిగా కూడా కాదు. పప్పులో రెండోసారి ఉప్పు వేస్తుంటే వంటింట్లో ఇంకో ఆడమనిషి చెప్పినట్టు అంది. నా చెయ్యి ఆగిపోయింది.

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. నర్సింగులో డిగ్రీ చదివాను. శవాల గది పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచి తిన్నదాన్ని. ఇప్పుడు పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నది ఎవరినీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు ఒకసారి కాగితం మీద పెట్టాలని.

అప్పుడు హోసూరులో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. కృష్ణగిరి వైపు హైవే వెడల్పు చేస్తున్న రోజులు. సూళగిరి దగ్గర ఏ లారీ బోల్తా పడినా దెబ్బలు తగిలినవాళ్లను మా దగ్గరికి తెచ్చేవారు. మా వార్డు నర్సులు ఇద్దరు గల్ఫ్‌కు పోయారు. వాళ్ల చోట ఎవరినీ తీసుకోలేదు. వారానికి మూడు నాలుగుసార్లు ఒక డ్యూటీ ముగిసిన వెంటనే ఇంకో డ్యూటీ చేయాల్సి వచ్చేది.

అదొక్కటే అయితే తట్టుకునేదాన్నేమో. ఇది జరగడానికి మూడు వారాల ముందు ఒక ఆరేళ్ల పాప నా చేతుల్లో పోయింది. జ్వరం బాగా ముదిరాక తెచ్చారు, మేము చేయగలిగిందేమీ లేదు. మా అమ్మాయి హేమకూ ఆరేళ్లే. ఆ రోజు దుప్పట్లు పెట్టే గదిలోకి పోయి ఏడ్చి, ముఖం కడుక్కుని, వార్డులోకి వచ్చి మిగతావాళ్లకు మందులు ఇచ్చాను. మా అందరిదీ అదే పద్ధతి. కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయని ఎవరైనా అడిగితే ఫినాయిల్ ఘాటు అంటాం.

ఇంట్లో మాత్రం నిద్ర పట్టేది కాదు. హేమ ముక్కు దగ్గర, మూడేళ్ల దీపు ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూసేదాన్ని. పడుకుని, మళ్లీ లేచి చూసేదాన్ని. మా ఆయనకు ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఆయనకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

మా వార్డులో ఒక నియమం ఉండేది. నరంలోకి ఇచ్చే మందు ఏదైనా సరే, సీసా మీది పేరు పైకి చదవాలి. పక్కనున్న నర్సు దాన్ని తనూ చూసి అదే పేరు తిరిగి చెప్పాలి. ఆ జవాబు వచ్చేదాకా మందు లోపలికి పోకూడదు. మంచి నియమమే. కానీ రోజూ చేసి చేసి, తాళం వేశాక లాగి చూసినట్టు అయిపోయింది. చెయ్యి చేస్తుంది, మనసు అక్కడ ఉండదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడున్నర. ఎండ మంచం కాళ్ల మీద పడుతోంది. ఆ గదిలో ఒకే రోగి, అత్తిముగం అనే ఊరి రైతు. గొంతులో గొట్టం ఉంది, మత్తులో ఉన్నాడు. ఆయనకు యాంటీబయాటిక్ పొడిని నీళ్లలో కరిగించి ఇవ్వాలి. నాతో ఉన్న నర్సు ఫోను వచ్చిందని కిందికి పోయింది. ట్రేలోంచి చిన్న గాజు సీసా తీసి, మెడ విరిచి, "డిస్టిల్డ్ వాటర్" అని పైకి చదివాను. మందు కలిపాను. పక్కన ఎవరూ లేరన్న సంగతే నాకు తట్టలేదు. జవాబు వచ్చేసిందనుకుని సూది దించబోయాను.

అప్పుడే ఆ మాట వినిపించింది.

తిరిగి చూస్తే ఎవరూ లేరు. ట్రేలో విరిచిన సీసాను తీసి చూశాను. పొటాషియం. నీళ్ల సీసాదీ అదే సైజు. ఈ మందును పెద్ద బాటిల్లో కలిపి గంటల తరబడి మెల్లగా ఎక్కించాలి. ఒక్కసారిగా నరంలోకి పోతే గుండె ఆగిపోతుంది. నేను ఆ పేరు చదవనే లేదు. చదివాననుకున్నాను.

సిరంజి ట్రేలో పెట్టి, గోడకు ఆనుకుని కింద కూలబడ్డాను. వరండా తుడుస్తున్న ఆయా మునెమ్మ తొంగి చూసింది.

"ఏంది సిస్టరమ్మా, నేల మింద కూసున్నావు? ఆడ ఇప్పుడే తుడిచినాను, తడి కూడా ఆరలేదు" అంది. తర్వాత గదంతా కలయజూసి, "ఇంకో ఆయమ్మ యాడికి పోయినాది?" అని అడిగింది.

"ఏ ఆయమ్మ?"

"నీతో మాట్లాడినాదే. నీళ్లు కాదని ఏందో అన్నాది. మన మాటే మాట్లాడినాది. కొత్తగా వచ్చిన సిస్టరేమో, మొగం చూద్దామని వచ్చినాను."

మునెమ్మ అప్పటిదాకా ఆ తలుపు ముందే తుడుస్తోంది. ఆమెను దాటి ఎవరూ పోలేదు. గదికి ఇంకో తలుపు లేదు. కిటికీకి ఇనుప చువ్వలు. నాతో డ్యూటీలో ఉన్న అమ్మాయికి తెలుగు ఒక్క ముక్క రాదు. పైగా ఆమె కింద ఫోను పట్టుకుని ఉండగా కౌంటరు వాళ్లు చూశారు.

మా వార్డు పెద్ద సిస్టర్ కృష్ణగిరికి ఆఫీసు పని మీద పోయి ఐదింటికి వచ్చింది. సిరంజిలోది పారబోశాక, అంతవరకు నేను మందుల ట్రే మళ్లీ ముట్టుకోలేదు. చెప్పకుండా ఉండిపోవచ్చు. రోగికి ఏమీ కాలేదు, మునెమ్మకు సీసా సంగతి తెలియదు. చెబితే ఉద్యోగం పోవచ్చు. అంతకంటే, పిచ్చిదని పేరు రావచ్చు. ఆ పేరు పడిన నర్సును ఇంకెవరు తీసుకుంటారు? కానీ మర్నాడు అదే ట్రే మళ్లీ నా చేతిలోనే ఉంటుంది. అది తలచుకుని మొత్తం చెప్పేశాను. సీసా, గొంతు, పోయిన పాప, పిల్లల ముక్కు దగ్గర పెట్టే వేలు, అన్నీ.

ఆమె నోరు పదును. "దయ్యమో దేవతో, ఆ కత తర్వాత చెప్పుదువు. సరిగా నిద్రపోయి ఎన్ని దినాలాయ?"

నేను వేళ్లు మడిచి లెక్కపెట్టబోయాను.

"చాల్లే, తెలిసిపాయ. జరమొస్తే లీవు అడుగుతావు గదా? దీనికి అడిగేదానికి ఏం రోగం నీకు?"

తిట్టింది గానీ, తిడుతున్నంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉంది. జరిగింది రిజిస్టరులో నా చేతే రాయించింది. గొంతు సంగతి వదిలేయనా అని అడిగితే, "విన్నావు గదా, రాయి" అంది. పదిహేను రోజులు సెలవిచ్చి, మానసిక వైద్యురాలి దగ్గరికి పొమ్మంది.

ఆ డాక్టరు ఓపికగా విన్నది. నా కళ్లు సీసా మీది పేరు చదివే ఉంటాయట. నిద్రలేని మెదడు ఆ హెచ్చరికను గొంతుగా వినిపించి ఉండవచ్చట. నాకు సబబుగానే అనిపించింది. మరి మునెమ్మ ఎలా విన్నదని అడిగాను. ఆమె "అది నాకు తెలియదమ్మా" అంది. మునెమ్మను తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట. కొన్నాళ్లు మందులు వాడాను, డాక్టరుతో మాట్లాడాను, నిద్ర తిరిగి వచ్చింది. ఆ గొంతు మళ్లీ వినలేదు. అది ఎవరిదో ఈ రోజుకూ చెప్పలేను.

సెలవు ఇచ్చిన మరుసటి ఉదయం మాత్రం బాగా గుర్తుంది. యూనిఫారం వేసుకోకుండా కూర్చుని ఉంటే, హేమ ఒక కాలికే సాక్సు వేసుకుని వచ్చింది. "అమ్మా, డ్యూటీకి పోలేదా?" అంది. దాని వెనకాలే దీపు.

ఏదో ఒక సాకు నోటిదాకా వచ్చింది. మింగేసి, ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"అమ్మకు మనసు బాగాలేదు నాయనా. కాలికి దెబ్బ తగిలినట్టే మనసుకూ తగుల్తుంది. మీరేం తప్పు చేయలేదు. డాక్టరమ్మ దగ్గరికి పోయి చూపించుకుంటాను."

"సూది వేస్తాదా?" అన్నాడు దీపు.

"వేస్తే వేస్తాది. నొప్పి పుడితే మీ ముందరే ఏడుస్తాను. మీరు బెదురుకోవద్దండి" అని చెప్పాను.