కొలతల పుస్తకంలో ఇరవై మూడు పేర్లు

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. వయసు నలభై ఆరు. ఇంటి ముందుగదే దుకాణం: రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం, మేకుకు వేలాడే కొలతల పుస్తకం. కొలతలు తీసుకునే పది నిమిషాల్లో వీధి కబుర్లన్నీ ఈ గదిలోనే చేతులు మారతాయి. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే తరగతిలో ఆమె చేరింది నేర్చుకోవాలని కాదు. ఒక్కతే వెళ్ళడానికి ఆడపడుచు మొహమాటపడితే తోడు వెళ్ళింది.

ఆ సంస్థ విలేకరులకు శిక్షణ ఇస్తుంది. ఆదివారాలు గ్రంథాలయం పైగదిలో మామూలు జనానికి కూడా వార్తలోని నిజానిజాలు పరిశీలించడం నేర్పుతుంది. మూడో వారం శిక్షకురాలు ఒక అభ్యాసం ఇచ్చారు: మీరు ఇతరులకు చేరవేసిన కబురు ఒకటి ఎంచుకుని, అది మీ దగ్గరికి ఎలా వచ్చిందో, మీ దగ్గర్నుంచి ఎలా వెళ్ళిందో రాయండి.

టైలరమ్మ ఎంచుకున్నది నెల కిందటి వాయిస్ మెసేజ్. ఎవరో ఒక ఆయా తన దగ్గర వదిలిన పిల్లలకు నిద్రమందు పట్టిస్తోందని అందులో ఉంది. ఆమె దాన్ని ఇప్పుడు మళ్ళీ మూడుసార్లు విన్నది. ఊరి పేరు లేదు, వీధి పేరు లేదు. "మన వీధి చివర ఆయమ్మే అయ్యుంటుంది" అన్న ముక్క, కొలతలకు వచ్చినవాళ్ళకు చెబుతూ ఆమె చేర్చినది. ఆ నెలలో ఆయమ్మ దగ్గర పదకొండు మంది పిల్లలు ముగ్గురయ్యారు.

"ఇకమీదట నోరు కట్టేసుకుంటే చాలదా వదినా?" అంది ఆడపడుచు.

"తప్పు ఎంతమందికి చేరిందో దిద్దుబాటూ అంతమందికి చేరాలన్నారుగా మేడమ్."

"పత్రికకైతే చందాదార్ల జాబితా ఉంటుంది. నీ నోటికేముంది?"

టైలరమ్మ కొలతల పుస్తకం తీసింది. తేదీలున్నాయి, పేర్లున్నాయి. కబురు చెప్పిన వారంలో కొలతలిచ్చినవాళ్ళు ఇరవై మూడు మంది.

"ఇదిగో, నా చందాదార్లు."

"గడపగడపకీ వెళ్ళి 'నేను అబద్ధం చెప్పాను' అంటే, రేపట్నుంచి గుడ్డముక్క కూడా నీ చేతికివ్వరు."

"అప్పుడు తీరిగ్గా నీ నోటికి కుట్లేస్తాలే."

నాలుగు మధ్యాహ్నాలు మిషన్లు ఆగాయి. ప్రతి ఇంట్లోనూ ఆమె ఒకే మాట చెప్పింది: "ఆయమ్మ పేరు ఎవరూ చెప్పలేదు. నేనే తగిలించాను." ఇద్దరు నవ్వేశారు. ఒకరు తలుపు సగమే తీశారు. ఒక పెద్దావిడ మాత్రం, "నిప్పు లేనిదే పొగ రాదమ్మాయ్" అంది.

"పొగ పెట్టింది నేనే పిన్నిగారూ. నా దగ్గర నిప్పు లేదు."

చివరికి ఆయమ్మ ఇంటికి వెళ్ళింది. ఆయమ్మ చిన్న దుప్పట్లు మడతపెడుతోంది.

"ఊరందరికీ చెప్పాక నా దగ్గరికొచ్చావా?"

"ముందు నీకే చెబితే, నువ్వు పోనీలే అంటావేమో, ఇక మిగతా ఇళ్ళకు వెళ్ళనేమోనని భయమేసిందక్కా."

"నేను పోనీలే అనను."

ఆయమ్మ మడత ఆపలేదు. టైలరమ్మ గుమ్మంలోంచే వెనక్కి వచ్చేసింది.

తర్వాతి ఆదివారానికి అయిదుగురు పిల్లలు తిరిగి వచ్చారు. ఇంకా తిరిగి రాని ముగ్గురి తల్లులూ కొలతల పుస్తకంలో లేరు. ఆ ఇరవై ముగ్గురిలో ఎవరో వాళ్ళకు ఆ కబురు చెప్పి ఉండాలి. టైలరమ్మ తన అభ్యాసాన్ని తరగతిలో సమర్పించలేదు. ఇంకా పూర్తి కాలేదని శిక్షకురాలికి చెప్పి, మొదటి పేరు దగ్గర్నుంచి మళ్ళీ బయలుదేరింది, ఈసారి ఎవరెవరికి చెప్పారో అడగడానికి.