వానకు రాసిన మాటలు

ఇళ్లకు భోజనాలు చేరవేసేవాళ్లకు ఫోన్లో నాలుగు మంచి మాటలు రాసి పంపడం ఆ అమ్మాయి ఉద్యోగం. ఆమెకి నెలజీతం. ఆర్డర్లు మోసేవాళ్లకు జీతమూ లేదు, పైన అజమాయిషీ చేసే మనిషీ లేడు. ఎవరి బండి వాళ్లది, ఎవరిష్టం వాళ్లది. అందుకే వాళ్లని కసరకూడదు, బుజ్జగించాలి. వాన పడితే బండ్లు తగ్గిపోతాయి గనక వానకు ప్రత్యేకంగా రాసేది. ఆ విద్యలో ఆమెది అందెవేసిన చెయ్యి.

బాబాయి, అంటే పిన్ని భర్త, ఒకప్పుడు దర్జీ. కొట్టు మూతపడ్డాక స్కూటర్ వేసుకుని ఆమె పనిచేసే కంపెనీ ఆర్డర్లే మోస్తున్నాడు. అమ్మాయి అక్కడ ఏం చేస్తుందో ఎప్పుడూ అడగలేదు. "కంప్యూటర్ పని" అంటే సరిపోయింది.

ఒక ఆదివారం ఆమె పిన్ని ఇంట్లో ఉండగా వాన అందుకుంది. బాబాయికి ఒళ్లు వెచ్చగా ఉంది.

"ఇవాళ గడప దాటారంటే ఊరుకోను" అంది పిన్ని.

ఇంతలో ఫోన్లో మెసేజ్ మోగింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, మొహం చేటంత చేసుకున్నాడు.

"చూడమ్మా, పేరు పెట్టి, పక్కన 'గారూ' అని కూడా రాశారు. 'ఈ వానలో మీరు రాకపోతే ఒకరి కంచం ఖాళీగా ఉంటుంది' అట! కొట్టు నడిపినన్నాళ్లూ నన్నింత మర్యాదగా పిలిచినవాడు లేడు."

మొన్న టీ తాగుతూ ఆమె రాసిపెట్టిన వాక్యమది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. 'నీ పని ఇదా' అంటారని మింగేసింది. "వెళ్లకు బాబాయ్" అనైనా అనలేదు. పైగా, రెయిన్‌కోటు జిప్పు ఇరుక్కుంటే తనే పైకి లాగిపెట్టింది.

మలుపులో బండి జారింది. కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో బాబాయి బాధ చేతి గురించి కాదు. "పాపం, అంత నమ్మి రాసినాయన దగ్గర మాట పోయింది."

ఇక ఆగలేకపోయింది. "అది రాసింది నేనే బాబాయ్."

"నా పేరు కూడా నువ్వే రాశావా?"

"లేదు. ఎవరికి వెళ్తే వాళ్ల పేరు దానంతటదే పడుతుంది."

"అందరికీనా?"

"అందరికీ."

తిట్టినా బాగుండేది. ఆయన సిగ్గుపడ్డాడు. పసిపిల్లాడిలా మురిసిపోయి అందరికీ చూపించుకున్నందుకు. కట్టు లేని చేత్తో మొహం తుడుచుకుని గోడవైపు తిరిగాడు. ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు ఆఫీసులో వాన మెసేజ్‌లు ఆపేద్దామని అడిగింది. "అవే కదమ్మా బాగా పనిచేసేవి!" అని మేనేజరు మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు చెంప చెళ్లుమన్నట్టయింది. అయినా ఉద్యోగం వదల్లేదు. ఫిర్యాదుల విభాగానికి మార్పించుకుంది, అంతే.

చెయ్యి అతుక్కున్నాక బాబాయి మళ్లీ బండెక్కాడు, ఇల్లు గడవాలిగా. సూది మాత్రం పట్టుకోలేడు. ఈమధ్య ఆమె వెళ్తే, ఆ మెసేజ్‌ల సంగతి ఆయనే కదిపాడు.

"ఇప్పుడెవరు రాస్తున్నారమ్మా? నీ అంత బాగా రాయడం లేదు."

పిన్ని పకపకా నవ్వింది. ఆమె మాత్రం వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.