సీట్లు పీకిన జీపులో పదకొండు గొర్రెపిల్లలు

నల్లగొండ నుంచి పాలమూరు పోవాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. దేవరకొండలో మధ్యాహ్నం బస్సును నమ్ముకోకండి. హైదరాబాదు మీదుగా చుట్టు తిరిగి రైల్లో పోవాల్సింది, దగ్గరి దారి అని ఆశపడి నేను ఇటు బయలుదేరాను. పాలమూరులో మా అక్క ఉంది. చూసి మూడేళ్లయింది. దవాఖానలో నర్సుకు సెలవు దొరకడమంటే మాటలా! వారం రోజులు ఇచ్చేసరికి కాలు నిలవలేదు.

పొద్దున ఏడింటి బస్సెక్కి పదింటికి దేవరకొండలో దిగాను. హోటల్లో రెండు పూరీలు తిని, చాయ్ తాగి కూర్చున్నాను. కల్వకుర్తి బస్సు పన్నెండింటికి రావాలి. ఒంటిగంటకు టికెట్లిచ్చే ఆయన తాపీగా చెప్పాడు, బస్సు దారిలో చెడిపోయిందని, ఇక ఆ రోజుకు రాదని. పొద్దున్నే చెబితే ఆయన సొమ్మేం పోయేదో!

చాయ్ దుకాణం పక్కన ఒక జీపు ఉంది. యుద్ధంలో వాడి వేలంలో అమ్మేసిన పాత బండి. కల్వకుర్తికే పోతుందంటే ప్రాణం లేచొచ్చింది. డ్రైవరు ఖాసిం రెండు రూపాయల కిరాయికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాడు పానా పట్టుకుని వెనక సీట్లు ఊడదీయడం మొదలుపెట్టాడు.

"అయ్యో, నేనెక్కడ కూర్చోవాలె?" అన్నాను.

"మీరు ముందల కూసోండ్రి అమ్మా. యెనక పదకొండు మంది పసిపోరగాండ్లున్నరు."

చూస్తే చెట్టు కింద గొంగడి మీద పదకొండు గొర్రెపిల్లలు. వాటి పక్కన నలభై ఏళ్ల మనిషి, మల్లమ్మ. మాటల్లో నేను నర్సునని చెప్పాను. కరువుకు వాళ్ల పల్లెలో గడ్డిపోచ మిగల్లేదట. కల్వకుర్తి దారిలో ఉన్న డిండి చెరువు అడుగున ఇంకా నీళ్లున్నాయని విని, ఆమె పెనిమిటి కోడికూతప్పుడే పిల్లలకు పాలు తాపించి మందను తోలుకుపోయాడు. పిల్లలు అంతదూరం నడవలేవు. ఎప్పుడూ గాడిద మీద వేసుకుపోయేవాళ్లు, అది ఎండలకు చచ్చిపోయింది.

"పొద్దుగూకేతల్లకు తల్లుల కాడికి చేర్చాలె నర్సమ్మా. పాలు లేకుంటే తెల్లారేదాక బతకయి. ఉన్నయే గీ పిల్లలు. గివి పోతే మాకు వచ్చేయేడు మందే లేదు" అంది.

సీట్ల బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. ఖాసిం లాంతరులోని కిరసనాయిలు వాటి మీద పోసి, అరగంట తంటాలు పడి రెండు బల్లలూ పీకి చాయ్ దుకాణంలో పడేశాడు. సీట్లు పోయాక ఆ బండిలో అంత జాగా ఉందని ఎవరనుకుంటారు! పిల్లల్ని పరిచినట్టు పడుకోబెట్టి, మల్లమ్మ వాటి నడుమ ఒదిగి కూర్చుంది. రెండున్నరకు బయలుదేరాం.

నాలుగు కావస్తుండగా ఇంజను పొగలు కక్కింది. దారిపక్క బావి దగ్గర ఆపి, ఖాసిం మూత తెరిచి తల లోపల పెట్టాడు. రాత్రంతా నిద్రలేని మల్లమ్మ తుమ్మచెట్టు నీడన అట్లాగే ఒరిగిపోయింది. నేను వెనక్కి తొంగి చూస్తే ఒకటే కిరసనాయిలు వాసన. బండి అడుగున ఒలికింది అంటుకుని పిల్లల ఒళ్లంతా జిడ్డు. నాలోని నర్సు ఊరుకుంటుందా? పెట్టెలోంచి దవాఖాన సబ్బు తీసి, తడిగుడ్డతో పదకొండింటినీ ముక్కు నుంచి తోక దాకా తుడిచాను. తెల్లగా మెరిసిపోతుంటే మురిసిపోయాను కూడా.

మల్లమ్మ లేచి, ఒక పిల్లను ఎత్తి వాసన చూసి, నెత్తి పట్టుకుంది.

"ఏం జేస్తివి నర్సమ్మా! కిరసనాయిలైతే పైపైన ఉండె. నువ్వు తల్లి వాసనంత కడిగేస్తివి గదా! గొర్రె కండ్లతోని గుర్తువడ్తదా? ముక్కుతోని గుర్తువడ్తది."

తరువాత దారంతా ఆమె ఒక్క తిట్టూ తిట్టలేదు. తిడితేనే బాగుండేది.

అయిదున్నరకు డిండి చేరాం. మంద అప్పటికే నీళ్లు తాగి గట్టున నిలబడింది. పిల్లల అరుపు వినగానే తల్లులు పొదుగులు ఊగించుకుంటూ ఉరికొచ్చాయి. దగ్గరికొచ్చి మూతి పెట్టాయి, తుమ్మాయి, కుమ్మాయి. ఆకలిగొన్న పిల్ల పొదుగు కింద దూరితే తల్లి కాలితో తన్నేసింది. ఆ తన్ను నాకే తగిలినట్టయింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

"ఏడుస్తే ఏమొస్తది? లేచి పట్టు" అంది మల్లమ్మ.

ఏ పిల్ల ఏ తల్లిదో ఆమెకు ముఖం చూస్తే తెలుసు. తల్లి పొదుగు నుంచి నాలుగు ధారలు పిండి, ఆ పాలు దాని పిల్ల వీపుకూ తోకకూ పూసింది. పెనిమిటి సంచిలోంచి ఉప్పు తీసి పైన చల్లింది. ఉప్పు రుచికి గొర్రె నాకడం మొదలుపెడుతుంది; నాకి నాకి తన వాసన తానే అంటించుకుంటుంది. నేను గొర్రెల వెనక కాళ్లు పట్టుకున్నాను. తొందరగా పోవాల్సిన ఖాసిం కూడా చేతులు పైకి మడిచి పిల్లల్ని అందించాడు. ఒక్కొక్కటే చేరుతూ వచ్చింది. పది అయ్యాయి.

పదకొండోది తొలిచూలు గొర్రె పిల్ల. ఎన్నిసార్లు పెట్టినా తల్లి తన్నేస్తోంది. పిల్ల మెడ వాలేసింది. మల్లమ్మ గొర్రె మెడ చుట్టూ చేతులు వేసి, దాని చెవిలో, "నీదేనే తల్లీ, నీ కడుపుల పుట్టిందే, జర సూడే" అని బతిమాలింది. మళ్లీ పాలు, మళ్లీ ఉప్పు. చాలాసేపటికి గొర్రె ఒకసారి నాకింది. ఇంకోసారి నాకింది. గొంతులో సన్నగా గుర్రుమంది. పిల్ల తోక టపటపా ఆడింది. మల్లమ్మ నన్ను చూసి నవ్వింది, కొంగుతో నా కళ్లు తుడిచింది.

ఎనిమిదింటికి కల్వకుర్తిలో దిగి తెలిసినవాళ్ల ఇంట్లో పడుకున్నాను. మర్నాడు జడ్చర్ల మీదుగా బస్సులో పాలమూరు చేరాను. అక్కకు కథంతా చెబితే కడుపు పట్టుకుని నవ్వింది.

తిరుగు ప్రయాణం బుద్ధిగా హైదరాబాదు దాకా రైల్లో, అక్కడి నుంచి నల్లగొండకు బస్సులో చేశాను. చౌటుప్పల్‌లో బస్సు ఆగితే చాయ్ తెప్పించుకున్నాను. గ్లాసు చేతిలో ఉండగా, మా వార్డులో కిందటి నెల కాన్పయిన ఒక చిన్నవయసు తల్లి గుర్తొచ్చింది. సబ్బుతో స్నానం చేయించి బిడ్డను ఇస్తే, ఆమె బిడ్డ నెత్తి వాసన చూసి, "గీ పిల్ల నాదేనా నర్సమ్మా?" అని ఏడ్చింది.

"చేతికి చీటీ కట్టినం గదా, సదువుకో. వాసన జూస్తవేంది, గొర్రెవా?" అన్నాను. వార్డంతా నవ్వింది. ఆమెకు చదువు రాదని నాకు తెలుసు.

వార్డు పుస్తకంలో ఆమె ఊరు రాసే ఉంటుంది. ఈసారి సెలవు దొరికితే ముందు ఆ ఊరికి పోతాను.