దవాఖాన పుస్తకంలో తెల్ల పేజీ

మొన్న ఆదివారం మా మనుమరాలు, అంటే నా కూతురి బిడ్డ, మంచిర్యాల నుంచి వచ్చి, నా మంచం మీద ఓ పక్కగా కూర్చుని ఫోను నా కళ్లజోడు ముందు పెట్టింది. పాలిటెక్నిక్ చదువుతోంది. ఆరు నెలలు ఏదో ఒక ఫ్యాక్టరీలో శిక్షణకు వెళ్లాలట, దానికి ముందు ఫారం నింపాలట, సోమవారం దాటితే తీసుకోరట. పేరు, ఊరు, రక్తం గ్రూపు అన్నీ నింపి ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది. మానసిక వ్యాధి ఏదైనా ఉందా, దానికి మందులు వాడుతున్నారా అని ఆ ప్రశ్న. కింద ఉంది, లేదు అని రెండు గడులు. ఇంటర్ రెండో ఏడు నుంచి ఆ పిల్ల మందులు వాడుతోంది, వాడినంత కాలం అందరిలాగే ఉంటోంది. "తాతా, నువ్వు పేపరోనివి గదా, లోకం చూసినోనివి. ఏం పెట్టాలె చెప్పు" అంది. రేపు పొద్దున చెబుతానన్నాను. ఏ గడి పెట్టాలో ఆలోచించుకోవడానికి కాదు నాకు గడువు కావలసింది. ఇలాంటి కాగితం మీదే ఒకప్పుడు నా చేత్తో నేనే జవాబు రాశాను, ఆ సంగతి ఆ పిల్లకు చెప్పాలా వద్దా అని.

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లలో పెరిగిన నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, అన్‌ఫిట్ అనే మాట ఇంకెక్కడైనా చెడ్డ కబురు, మా క్వార్టర్ల లైన్లో మాత్రం అది శుభవార్త. తండ్రికి ఇక బొగ్గు బాయిలో పని చేసే శక్తి ఒంట్లో లేదని డాక్టర్లు తేలిస్తే ఆ నౌకరీ కొడుక్కి వచ్చేది. మా నాయిన ఊపిరితిత్తులు అప్పటికే చెడిపోయాయి, మంచం దిగి గుమ్మం దాకా వచ్చేసరికి ఆయాసపడేవాడు. ఆయన అన్‌ఫిట్ అయిన రోజు మా ఇంట్లో వేట మాంసం వండారు, ఎదురింటి వాళ్లు వచ్చి సంబరంగా మాట్లాడి వెళ్లారు, నాయిన ఒక్కడే ముద్ద మింగలేక దగ్గుతూ కూర్చున్నాడు.

ఆ నౌకరీ న్యాయంగా రావలసింది పెద్దవాణ్నయిన నాకు. అప్పుడే ఒక దినపత్రికకు విలేకరినయ్యాను. పొద్దంతా సైకిల్ మీద తిరిగి, రాసిన వార్తలు కవరులో పెట్టి కరీంనగర్ వెళ్లే బస్సు డ్రైవరు చేతికిచ్చి, మర్నాడు అందులో రెండు ముక్కలు అచ్చయితే పదిసార్లు చదువుకునే రోజులు. భూమి కిందికి దిగనని తెగేసి చెప్పాను. దాంతో అది తమ్ముడికి వెళ్లింది.

తమ్ముడికి అంతకుముందే, పంతొమ్మిదో ఏట, మనసు జబ్బు మొదలైంది. కొన్నాళ్లు నిద్ర లేకుండా, నవ్వుతూ, ఆపకుండా మాట్లాడుతూ, ఇంట్లో ఉన్నవి ఊళ్లో వాళ్లకు పంచి వచ్చేవాడు. ఆ తర్వాత నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునేవాడు. కంపెనీ దవాఖాన మా ఇంటికి పది నిమిషాల నడక. మందులకు పైసా అక్కర్లేదు. కానీ అక్కడ చూపిస్తే ప్రతిదీ ఇంటి పేరు మీద ఉన్న పుస్తకంలో రాసేవారు. అమ్మ మోకాళ్ల నొప్పులు, చెల్లెలి కామెర్లు, నాకు పన్ను పీకిన సంగతి, అన్నీ అందులో ఉన్నాయి. "రేపు నౌకరీకి గదే చూస్తరు, వాని పేజీ తెల్లగ ఉండాలె, గంతే" అని అమ్మ ఖరాఖండిగా చెప్పింది. అందుకని నెలకోసారి రైలెక్కి కాజీపేటలో దిగి, హన్మకొండలో ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించి వచ్చేవాళ్లం. ఇరుగుపొరుగుకు మొక్కు తీర్చడానికని చెప్పేవాళ్లం. "నెల నెలా తీరని మొక్కేందే అక్కా, దేవునికి బాకీ పడ్డరా ఏంది?" అని పక్కింటావిడ నవ్వేది, అమ్మ కూడా నవ్వేది.

ఆ డాక్టరు మంచివాడు. మాత్రలు మానొద్దన్నాడు, రోజూ ఒకే వేళకు నిద్రపోవాలన్నాడు. ఈ రెండే.

నౌకరీ కాగితాలు వచ్చిన నాడు అందరం వసారాలో కూర్చున్నాం. నా దస్తూరీ బాగుంటుందని ఫారం నాకిచ్చారు. పిచ్చిగానీ మూర్ఛగానీ ఉన్నదా అన్న చోటికి వచ్చేసరికి తమ్ముడు నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "అన్నా, ఉన్నదని రాద్దామే. పైన పనిస్తరు కావచ్చు. డాక్టరు సుత నిద్ర చెడగొట్టుకోవద్దన్నడు గదా" అన్నాడు. మా మేనమామ ఆ మాట పూర్తి కానివ్వలేదు. "పైన పనిస్తరా? ఇంటికి పంపుతరురా! మీ నాయిన పానం పెట్టి సంపాయించిన నౌకరీ, నీ నోటితోని పోగొడుతవా?" అన్నాడు. పిల్లనెవరిస్తారని అమ్మ ఏడుపు అందుకుంది. ఊరి పేరు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని గానీ వార్త పంపని నేను, లేదు అని రాశాను. అక్షరాలు చాలా చక్కగా కుదిరాయని మామ మెచ్చుకున్నాడు కూడా.

వారానికో షిఫ్టు మారే ఉద్యోగంలో ఒకే వేళకు నిద్ర ఎక్కడిది? అయినా మొదటి ఏడాది ఎలాగో నెట్టుకొచ్చాడు. మాత్రలకు చేతులు సన్నగా వణికేవి. బాయి మీద చాయ్ గ్లాసు పట్టుకుంటే తొణికేది. "ఏంది తమ్మీ, రాత్రి జర ఎక్కువైందా?" అని తోటివాళ్లు ఆట పట్టించేవారు. వాడు కాదనలేదు. నిజానికి వాడికి కల్లు వాసనే పడేది కాదు. కానీ ఆ నవ్వులో ఒక దారి దొరికింది వాడికి, జీతం రోజున వాళ్లతో కల్లు దుకాణానికి వెళ్లి ముందు సీసా పెట్టుకుని కూర్చునేవాడు. ఈ సంగతి తెలిసి అమ్మ బాధపడుతుందనుకున్నాను. "పోనీలే బిడ్డా, తాగుబోతంటే ఏమైతది, ఊరంత తాగుతది" అంది. నాకూ అది నిజమే అనిపించింది. తాగుబోతుకు పిల్లనిస్తారు, నౌకరీ ఉంచుతారు, పండక్కి పిలుస్తారు. అలా మేమందరం కలిసి వాడికి ఆ పేరు పెట్టాం.

చేతుల వణుకు మరీ ఎక్కువయ్యాక వాడు మాత్రలు మానేశాడు. ఆ విషయం ఇంట్లో ఎవరికీ తెలియదు. కొన్ని వారాలకు ఒకనాడు ఫస్టు షిఫ్టులో, తల మీది టోపీ, దీపం, నడుం బెల్టు తీసి పట్టాల పక్కన పొందికగా పెట్టి, పని ఆపేసిన పాత దారిలోకి చీకట్లో నడుచుకుంటూ పోయాడట. దీపం చూసి, పని చేయించే సర్దారు వెతికించాడు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఎవరితోనో ఆనందంగా మాట్లాడుతున్నాడట. దవాఖానకు తెచ్చారు. నేను వెళ్లేసరికి డాక్టరు పుస్తకం తిరగేస్తున్నాడు. తమ్ముడి పేజీ మా అమ్మ కోరుకున్నట్టే తెల్లగా ఉంది. తాగుతాడా అని అడిగితే వెంట వచ్చినవాళ్లు, వాడి మేలు కోరే, తాగుతాడన్నారు. డాక్టరు నావైపు తిరిగి ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా ఉందా అని అడిగాడు. మంచం మీద నుంచి తమ్ముడు నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో చెప్పమని ఉందో వద్దని ఉందో ఇప్పటికీ నాకు తెలియదు. లేదు సార్ అన్నాను.

తాగినవాడికి చేసే వైద్యమే చేసి మర్నాడు ఇంటికి పంపారు. డాక్టరు తప్పేమీ లేదు, మేం చెప్పిందే నమ్మాడు. ఆ తర్వాత వాడు డ్యూటీకి సరిగా పోలేదు, నోటీసుల మీద నోటీసులు వచ్చి నౌకరీ పోయింది. అప్పుడైనా జబ్బు సంగతి చెబుదామంటే, ఫారంలో అబద్ధం రాసిన చేయి నాది. తర్వాత పాతికేళ్లు వాడు నా ఇంటి వెనక గదిలోనే ఉన్నాడు, కొన్నాళ్లు మందులతో, కొన్నాళ్లు లేకుండా. చెరువు కట్టమీద నడిచిపోతుంటే పిల్లలు తూలుతున్నట్టు నటించి వెక్కిరించేవారు. చివరికి నిమోనియాతో పోయాడు. తాగి తాగి పోయిండన్నారు. మూడోనాడు పిట్టకు పెట్టేటప్పుడు, అంటే కాకికి ముద్ద పెట్టేటప్పుడు, వాడికి ఇష్టమని చుట్టాలు విస్తరి పక్కన కల్లు సీసా పెట్టారు. వాడికి ఇష్టమైనవి మక్క గారెలు. ఆ సీసా తీసేయమని చెప్పడానికి నోరు తెరిచాను. తీసేయమంటే ఎందుకని అడుగుతారు. ఊరుకున్నాను. కాకి వచ్చి ముట్టింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

సోమవారం పొద్దున ఇదంతా మనుమరాలికి చెప్పాను. ఇంతవరకు మా ఇంట్లో ఎవరికీ ఇంత వివరంగా చెప్పలేదు. ఆ పిల్ల అంతా విని, చివరికి ఒకే ఒక్కటి అడిగింది. "మరి ఉన్నదని రాసుంటే ఇచ్చేటోళ్లా తాతా, ఆ నౌకరీ?"

బతుకంతా ఒకరిని ప్రశ్నలడగడమే నా పని. జవాబు చెప్పకుండా తప్పుకునేవాణ్ని చూస్తే ఇట్టే పోల్చుకునేవాణ్ని. ఏమో బిడ్డా, ఇచ్చేవాళ్లు కాదేమో అన్నాను. తల ఊపింది. లేదు అన్న గడి మీద వేలు పెట్టింది. "ఆరు నెలలే గదా, ఫికర్ చెయ్యకు" అని నాకే ధైర్యం చెప్పి, చాయ్ తాగి, బస్సుకు వేళయిందని వెళ్లిపోయింది.

మా రోజుల్లో ఆ జబ్బు పేరు మాకు తెలియదు, తెలిసినా నోట వచ్చేది కాదు. ఇప్పుడు ఈ పిల్ల జబ్బు పేరు, మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములో కూడా అన్నం తింటూ అందరి ముందూ చెబుతుంది. వాళ్లమ్మ ఫోనులో గంట పెట్టి మరీ వేయిస్తుంది. అది చూసి లోకం చాలా మారిందని మురిసిపోయేవాణ్ని. మారింది, ఇంటి గుమ్మం దాకా. ఆ రోజు వసారాలో నాకు పాతికేళ్లు, తెలియక రాశానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. సోమవారం నాడు అన్నీ తెలిసే ఊరుకున్నాను.