ఆ రోజు సెలవు కాదు

పద్నాలుగేళ్లుగా ఒక చిన్నపిల్ల ఆడిన అబద్ధాన్ని మోస్తున్నాను. నిజానికి ఆ అబద్ధం నాది. ఇంట్లోవాళ్లకి కూడా తెలియదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

కంకిపాడు దాటాక కాలవగట్టు పక్కన ఒక ఊళ్లో బడి. టీచర్ని నేనొక్కదాన్నే. విజయవాడ నుంచి రోజూ రెండు బస్సులు, ఆపైన నడక. చేరినప్పుడు నలభైమంది పిల్లలు. కాన్వెంటు బస్సు ఊళ్లోకి రావడం మొదలయ్యాక ఏటా తగ్గుతూ పదకొండుమంది మిగిలారు. నా జీతం మాత్రం పెరుగుతూనే ఉంది. పిల్లలు తగ్గేకొద్దీ ఒక్కొక్కరి మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు ఎక్కడికో పోయింది. ఆఫీసులో అడిగితే ఆ లెక్క నేనే వేసిచ్చాను, కాస్త హుషారుగానే. బడి ఎత్తేస్తే నన్ను బెజవాడ దగ్గరికి వేస్తారని ఆశ.

తనిఖీ అంటే ఏ టీచరైనా ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగేసుకుంటారు. ఆఫీసరు వస్తున్నారని తెలిసి నేను ముందురోజే, రేపు సెలవని పిల్లలకి చెప్పేశాను.

అయినా షమీమ్ వచ్చింది. నాలుగో తరగతి. వాళ్ల నాన్న పరుపులు కుట్టేవాడు. బడి తాళంచెవి పక్కనే ఉన్న వాళ్లింట్లో ఉండేది. నేను రావడం చూసి, పరుగున వచ్చి తాళం తీసి, గది ఊడ్చి, పలక పట్టుకుని ముందు వరసలో కూర్చుంది. మిగతావాళ్లేరని ఆఫీసరుగారు దాన్నే అడిగారు. అది నా వైపు చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో? అందరికీ జ్వరాలొచ్చాయని చెప్పింది. నాకు చీవాట్లు పడతాయని భయపడి ఉంటుంది. ఈ ఒక్క పిల్లకి ఇంత ఖర్చు పెట్టడం కంటే బెజవాడ హాస్టల్లో పెట్టి చదివించడమే చవకని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

బడి ఎత్తేశారు. నాకు కోరుకున్న చోటే పోస్టింగు వచ్చింది. పిల్లల్ని కలిపిన బడి లారీలు తిరిగే రోడ్డుకి అవతల. అంత దూరం ఆడపిల్లని పంపలేమని షమీమ్‌ని మాన్పించేశారు.

ఎనిమిదేళ్ల తర్వాత కంకిపాడు బస్టాండులో తనే నన్ను గుర్తుపట్టింది. చేతిలో కుట్టాల్సిన జాకెట్ల సంచీ. నా ఆరోగ్యం, మా పిల్లల సంగతులు అడిగి, గొంతు తగ్గించింది.

“టీచర్‌గారూ, నేనారోజు జ్వరాలని అబద్ధమాడినందుకేనాండీ మన బడి తీసేశారు?”

“అదేం లేదమ్మా. గవర్నమెంటోళ్ల ఇష్టం.”

“సెలవని నిజం చెప్పేస్తే ఉంచేవాళ్లేమోనండీ.”

అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఏమడ్డొచ్చింది? నా బస్సొచ్చింది. ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికినందుకు సంతోషించిన సంగతి కూడా గుర్తుంది.

తర్వాత రెండుసార్లు ఆ ఊరికి బయల్దేరి, సగం దారిలోనే వెనక్కొచ్చాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. ఇది రాశాక గుండె కొంచెం తేలికైంది. అలా తేలికైనందుకూ సిగ్గుగానే ఉంది.

షమీమ్, ఆ రోజు సెలవు కాదు. అబద్ధం నాది. బడి పోయింది నా వల్ల.

చిన్న చిన్న మాటల్లోనే రాశాను. ఎప్పుడైనా తన కంటపడితే, నాలుగో తరగతి చదువుతో కూడబలుక్కుని చదువుకోగలదు.