ఎడమవైపు చూపించని లెన్సు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఏ మేడకైనా ఫోటో తీయాలంటే వెనక్కి జరగడానికి చోటుండేది కాదు. ఇంకాస్త వెనక్కి జరిగామా, బస్సు కిందకో మిర్చిబజ్జీల మూకుట్లోకో పోతాం. కొత్తగా లేచిన అద్దాల మేడలు, వాటినిండా సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు, వాటి కింద ఫైళ్ళు చంకలో పెట్టుకుని తిరిగే పిల్లలు. బిల్డర్లకి మాత్రం మేడ నిటారుగా, మొత్తంగా, చుట్టూ ఇంకెవరూ లేనట్టు కనిపించాలి. అందుకే నా దగ్గర పాతకాలపు పెద్ద కెమెరా ఉండేది. ముందు లెన్సు, మధ్యలో తోలు తిత్తి, వెనక గరుకు అద్దం. నల్లగుడ్డ కప్పుకుని ఆ అద్దం మీద పడే బొమ్మని చూసి అన్నీ సరిచేసుకున్నాక, పోస్టుకార్డంత ఫిల్ము ఒక్కటి పెట్టి తీస్తాం. ఇరుకు రోడ్డులో మేడంతా అందులో పట్టాలంటే వైడ్ లెన్సు ఉండాల్సిందే. నాకూ ఒకటుంది. దాని మీదే అనుమానం మొదలైంది.

అద్దం మీద నేను చూసినప్పుడు లేని వస్తువులు ప్రింటులోకి వచ్చి కూర్చుంటున్నాయి. ఒకసారి టీ బండి. ఇంకోసారి కరెంటు స్తంభం. మరోసారి పంజాగుట్టలో ఒక ఆఫీసు మేడ గోడ వైపు తిరిగి ఒంటేలుకి నిలబడ్డ పెద్దమనిషి, నిక్షేపంలాంటి ఫోకస్‌లో. బిల్డరు ఆ ప్రింటు నా ముందు పెట్టి, ఈయన్ని కూడా ఆఫీసుతో కలిపి అద్దెకివ్వమంటారా అని అడిగాడు. నేనూ నవ్వాను. లోపల మాత్రం వణుకు పుట్టింది. వచ్చినవన్నీ ప్రింటులో కుడి అంచునే వచ్చాయి. కెమెరా అద్దం మీద బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారుగా పడుతుంది. అంటే నాకు కనబడకుండా పోయినవన్నీ ఆ అద్దం మీద నా ఎడమన ఉన్నవే.

వణకడానికి కారణముంది. మా నాన్నకి విజయవాడలో ఫోటో స్టూడియో ఉండేది. నడివయసు దాటేసరికి ఆయన చూపు అంచుల నుంచి లోపలికి తరిగిపోతూ వచ్చింది. కొన్నాళ్ళు ఎదురుగా కూర్చున్న మనిషి ముక్కు కనిపించేది, చెవులు కనిపించేవి కావు. తర్వాత ముక్కూ పోయింది. డాక్టరు నీటికాసులు, గ్లాకోమా అన్నాడు. మేము ఆ మాట విన్నాం గానీ, తప్పు మాత్రం ఎర్ర దీపం మీదికే నెట్టాం. డార్క్‌రూములో ఆ దీపం కింద ప్రింట్లు కడుగుతూ, నెగెటివుల మీద పెన్సిలుతో జనం మొటిమలు చెరుపుతూ బతుకంతా కూర్చుంటే కళ్ళుంటాయా అనేది అమ్మ. ఫోటో పనివాళ్ళందరి నమ్మకమూ అదే, ఎర్ర దీపం కళ్ళు తినేస్తుందని. నేను అందుకే డార్క్‌రూము గడప తొక్కలేదు. ఎండలో మేడలు తీస్తాను, ఫిల్ము ల్యాబుకి ఇస్తాను, నాకేం కాదని మహా ధీమాగా ఉండేవాణ్ణి.

ఆ ధీమా నిలవాలంటే తప్పు లెన్సుది అయి తీరాలి. పాత సరుకు కదా, అంచుల్లో వెలుతురు చచ్చిపోయి ఉంటుంది, ఇంతకంటే మంచిది సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే సరిపోతుంది అనుకున్నాను. వైడ్ లెన్సులకి మూలలు మసగ్గా ఉండడం మామూలే. ఆ మామూలు నాకు పెద్ద అండ అయింది.

మా ఆవిడకి ఈ లెన్సు వేట నచ్చలేదు. సాయంత్రం తను ఆఫీసు నుంచి వచ్చాక ఇద్దరం అమీర్‌పేటలో కూరగాయలకి నడిచేవాళ్ళం. ఒకరోజు ఉన్నట్టుండి, ఈ మధ్య ఎడమవైపు వచ్చేవాళ్ళని గుద్దేస్తున్నారండీ అంది. అమీర్‌పేటలో ఎవర్నీ గుద్దకుండా నడిచేవాణ్ణి ఒక్కణ్ణి చూపించమన్నాను. ఆవిడ కూరల సంచీ చెయ్యి మార్చుకుని నాకు ఎడమవైపుకొచ్చి నడవడం మొదలుపెట్టింది. రోజూ అటే నడిచేది. నాకు ఒళ్ళు మండేది. భయపడ్డవాడికి కోపం తొందరగా వస్తుంది.

పంజాగుట్టలో ప్రకటనలకి ఫోటోలు తీసే పాత హైదరాబాదీ ఒకాయన డిజిటల్‌కి మారిపోతూ సామానంతా అమ్మేస్తున్నాడని తెలిసి స్కూటరు తీశాను. చౌరస్తాలో ఎడమనుంచి ఒక ఆటో ఊడిపడింది. అవును, నాకు ఊడిపడినట్టే ఉంది. డ్రైవరు బ్రేకు తొక్కి, కండ్లు ఇంట్ల పెట్టొచ్చినవా అని అరిచాడు. నేను స్కూటరు పక్కకి లాగి, ఆటో వెళ్ళిపోయాక మళ్ళీ స్టార్టు చేశాను.

ఆయన తన డాబా మీద తువ్వాలు పరిచి మూడు వైడ్ లెన్సులు పెట్టాడు. నేను నా కెమెరా పట్టుకెళ్ళాను. ఒక్కోదాన్నీ టార్చి వెలుగులో తిప్పి లోపల బూజు పట్టిందేమో చూశాను. వానాకాలం తేమకి మన లెన్సులకి పట్టే జబ్బది. షట్టరు చప్పుడు చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ఆ తర్వాత కెమెరాకి బిగించి, ఎదుటి ఇళ్ళ వైపు తిప్పి, నల్లగుడ్డ కప్పుకున్నాను. మొదటి లెన్సు ఎడమ తక్కువ చూపించింది. రెండోదీ అంతే. ఇది కూడా బాగాలేదని పక్కన పెడితే ఆయన చాయ్ తాగుతూ, పెండ్లిచూపులల్ల సుత ఇన్ని వంకలు పెట్టరు భాయ్ అన్నాడు.

మూడోది అద్దంలా ఉంది. బూజు లేదు, గీత లేదు. గుడ్డ కప్పుకుని చూశాను. మళ్ళీ ఎడమన ఏదో తక్కువ. నల్లగా ఉండడం కాదు. అక్కడ ఉండాల్సింది అక్కడ లేదు, అంతే.

లెన్సు లోపాన్ని పట్టుకోవడానికి మాలో ఒక పద్ధతుంది. లెన్సుని అది బిగించి ఉన్న పలకతో సహా ఊడదీసి, తలకిందులుగా బిగించాలి. లోపం లెన్సుదైతే ఎడమనున్నది కుడికి పోతుంది. ఆ పని మొదటి లెన్సుకే చేయాల్సింది. చేయలేదు. ఇప్పుడు ఇంకో దారి లేక పలక ఊడదీసి, తిప్పి బిగించాను. గుడ్డలోకి దూరేముందు దేవుణ్ణి మొక్కాను, లెన్సు చెడ్డదవ్వాలని. డబ్బు పెట్టి కొనబోయే వస్తువు చెడిపోయి ఉండాలని మొక్కిన మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

కుడి అంచు శుభ్రంగా ఉంది. ఎడమన వెలితి ఎడమనే ఉంది.

బయటికి రాబుద్ధి కాలేదు. గుడ్డ కింద నా ఊపిరి నాకే వేడిగా తగులుతోంది. నిద్రపోయినవా ఏంది అని ఆయన అడిగితే అప్పుడు బయటికొచ్చి, మీరొకసారి చూడండి, ఎడమన ఏముందో చెప్పండి అన్నాను. ఆయన తల దూర్చాడు.

"ఏముంది? ఆ డాబా మీద ఒక అమ్మాయి బట్టలు ఆరేస్తుంది. ఎర్ర చీర. మంచిగనే కనవడ్తుంది గద."

మళ్ళీ నేను చూశాను. మధ్యకి చూస్తే చీర లేదు. కళ్ళు పనిగట్టుకుని ఎడమకి తిప్పితే ఉంది. కుడికన్ను మూసి, ఎడమ కంటితో చూశాను. డాబా లేదు, అమ్మాయి లేదు, దాదాపు సగం వీధి లేదు. ఎప్పట్నించి లేదో నాకు తెలియదు. నాన్న చివరి రోజుల్లో గోడ తడుముకుంటూ పెరట్లోకి వెళ్ళే నడక గుర్తొచ్చింది. ఆయన వేళ్ళు పాకినచోట గోడకి ఒక నల్లటి చార ఉండేది.

లెన్సు కొన్నాను. దానిలో ఏ లోపమూ లేదు కదా. ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడ చేతిలో పెట్టి, ఇది మంచిదే అన్నాను. ఆవిడ దాన్ని బల్లమీద పెట్టి, పొద్దున్నే ఆస్పత్రికి వెళ్దాం అంది. నేను ఇంకేం చెప్పనే లేదు.

కళ్ళాసుపత్రిలో చీకటి గదిలో ఒక తెల్లటి గిన్నెలోకి మొహం పెట్టించారు. మధ్యలో చుక్కనే చూస్తుండాలి, చుట్టూ ఎక్కడైనా చిన్న వెలుగు మెరిస్తే చేతిలోని బటన్ నొక్కాలి. మెరుపు మెరుపుకీ ముందు యంత్రం లోపల కిర్రుమని చిన్న చప్పుడు. పాతికేళ్ళు షట్టర్ల చప్పుడు విన్న చెవులు నావి. చప్పుడు వస్తోంది, వెలుగు రావడం లేదు. మళ్ళీ చప్పుడు. వెలుగు లేదు. ఆ ఖాళీ భరించలేక చప్పుడుకే నొక్కడం మొదలుపెట్టాను. పరీక్ష చేసే అమ్మాయి కనిపెట్టేసింది. "కనిపిస్తేనే నొక్కండి సార్. బాగున్నవాళ్ళకి కూడా అన్నీ కనపడవు" అని మళ్ళీ మొదటికి పెట్టింది. ఈసారి నిజం నొక్కాను. నొక్కింది తక్కువ.

డాక్టరు మెత్తటి మనిషి. ఎడమకన్ను చాలావరకు పోయింది, కుడిది మొదలైంది, చుక్కల మందు వేసుకుంటే ఉన్నది కాపాడుకోవచ్చు, పోయింది మాత్రం రాదు అన్నారు. ఎర్ర దీపం సంగతి అడిగాను. దీపానికీ దీనికీ సంబంధం లేదట. "ఇది వంశంలో వచ్చేది. పిల్లలున్నారా?"

నా భయం అంతకుముందు దాకా నాది. ఆ ప్రశ్నతో నా చేతుల్లోంచి జారిపోయింది. మాకు ఒక్కతే అమ్మాయి, పదో తరగతి. డార్క్‌రూము అనే మాటే ఎరగదు.

ఆ తర్వాతి సోమవారం పాపకి ఒక పూట బడి మాన్పించి అదే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. పాపని లోపలికి పంపి, ఈసారి పరీక్ష చేసే కుర్రాడు తలుపు వేశాడు. మా ఆవిడ నా ఎడమన కూర్చుంది. తలుపు అవతల కిర్రుమన్న చప్పుడు, వెంటనే బటన్ నొక్కిన టిక్కు. చప్పుడు, టిక్కు. ఒక్కటీ తప్పలేదు. నా ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని, దీనికేం లేదు, విను, అన్నీ నొక్కుతోంది అన్నాను. అలా అన్నాకే గుర్తొచ్చింది. బాగున్నవాళ్ళకి కూడా అన్నీ కనపడవని నాకు పరీక్ష చేసిన అమ్మాయే కదా చెప్పింది.

పాప నవ్వుతూ బయటికొచ్చింది. ఎలా అయిందమ్మా అని అడిగాను.

"చప్పుడు రాగానే నొక్కేశాను నాన్నా. నువ్వు బయట భయపడుతూ కూర్చుని ఉంటావని."

నేను లేచి, దాని చెయ్యి పట్టుకుని, మళ్ళీ లోపలికి తీసుకెళ్ళాను.