కానుక సంచిల ఫోన్లు

బెల్లంపల్లిల మా సండే స్కూల్ టీచరమ్మను నేను ఇంకా క్షమించలే. ఆరాధన మొదలుగాకముందే ఆమె పిల్లల ఫోన్ల కోసం కానుక సంచి పట్టుకొని వచ్చేది. ఫోన్ అందుల పడేదాక ముంగట నుంచి కదలకపోయేది. "వెయ్యి బిడ్డా, లేకుంటే అదే నిన్ను మింగుతది" అనేది, నవ్వుకుంటనే.

ఒక ఆదివారం సంచిల నా ఫోన్ మోగింది. ఆ దినం చర్చికి రాని నా దోస్తు మెసేజ్ పెట్టింది. టీచరమ్మ ఫోన్ బయటికి తీసి, "గీ పిల్లలు ఏం ముచ్చట్లు పెట్టుకుంటరో జర వినుండ్రి" అని పెద్దలందరి ముందట దోస్తు పేరుతో సహా చదివింది.

"బాపు మళ్ల తాగి అమ్మను కొట్టిండు. నాకు భయమైతుంది."

దోస్తు వాళ్ల బాపు వెనుక వరుసల తెల్లంగి వేసుకొని కూసున్నడు. టీచరమ్మ ఫోన్‌ను మళ్ల సంచిల వేసి, "పాట అందుకోండ్రి" అన్నది. మేం పాడినం. నేను గూడ పాడిన.

తెల్లారి బడిల దోస్తు చెంప వాచి ఉన్నది. నా పక్కన కూసోలే.

ఇప్పటికీ ఎదురైతే టీచరమ్మ అదే నవ్వుతోని అడుగుతది, "ఫోన్ తక్కువ చేసినవా బిడ్డా?"

తక్కువైంది. ఆ పిల్ల నాకు మళ్ల ఒక్క మెసేజ్ పెట్టలే.